ఎయిర్‌షిప్‌లు మళ్ళీ వస్తాయా?

“ఎయిర్‌షిప్‌ల యుగం తిరిగి రాబోతోంది” అనే వార్తను మీరు ఎప్పుడో ఒకప్పుడు చదివే ఉంటారు. కొన్నేళ్ళకోసారి అది పత్రికలలో కనిపిస్తూనే ఉంటుంది. రన్‌వే అక్కరలేదు, ఇంధనం ఖర్చు తక్కువ, రోడ్డు లేని చోటికి కూడా బరువులు చేర్చవచ్చు అన్నవి అందులోని వాదనలు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. అయినా ఆ యుగం ఇంకా రాలేదు. ఎందువల్ల? జవాబు కోసం పెద్ద గ్రంథాలు తిరగవేయనవసరం లేదు. ఆర్కిమెడిస్ సూత్రం, కొంచెం గుణకారం చాలు.

బుడగ చెప్పే లెక్క

ఖరగ్‌పూర్‌లో ఐఐటి ప్రక్కనే ప్రేమ్ బజార్ ఉంది. అక్కడ 30 సెంటీమీటర్ల వ్యాసం గల రబ్బరు బుడగ కొని, అందులో హీలియం నింపారనుకోండి. దాని ఘనపరిమాణం సుమారు 14 లీటర్లు. అది తొలగించిన గాలి బరువులో నుండి హీలియం బరువు తీసివేస్తే మిగిలేది 14 గ్రాములు. రబ్బరు బరువు 3 గ్రాములు పోగా, ఆ బుడగ ఎత్తగలిగేది 11 గ్రాములు. 50 కిలోల విద్యార్థిని నేల నుండి లేపాలంటే 4,500కు పైగా బుడగలు కావాలి!

అంటే ఒక ఘనపు మీటరు హీలియం సుమారు ఒక కిలో బరువు ఎత్తుతుంది. హైడ్రోజన్ నింపితే దాదాపు 8 శాతం ఎక్కువ. ఏ వాయువూ లేకుండా శూన్యాన్నే నింపగలిగినా 1.2 కిలోలు దాటదు. ఈ హద్దును విధించేది గాలి సాంద్రత. దానిని ఏ ఇంజనీరూ పెంచలేడు. పైగా 15 డిగ్రీల చలిలో ఎత్తే బరువులో 8 శాతం, 40 డిగ్రీల ఎండలో తగ్గిపోతుంది. మన వేసవిలో ఇది చిన్న నష్టం కాదు.

ఇప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే స్టేషనుకు రండి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందిన 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం అక్కడ ఉంది. జర్మనీలో కార్గోలిఫ్టర్ అనే సంస్థ 160 టన్నులు మోసే ఎయిర్‌షిప్‌ను తలపెట్టింది. దాని పొడవు 260 మీటర్లు, అంటే ఆ ప్లాట్‌ఫారంలో దాదాపు నాలుగవ వంతు. కావలసిన హీలియం 5,50,000 ఘనపు మీటర్లు. మోసే బరువు? మూడు బొగ్గు వ్యాగన్లలో పట్టేటంత! 2002లో సంస్థ దివాలా తీసింది. ఓడ తయారే కాలేదు. దానికోసం కట్టిన 360 మీటర్ల షెడ్డులో 2004 నుండి ఒక విహార కేంద్రం నడుస్తోంది.

నిప్పు ఒక్కటే శత్రువా?

1937 మే 6న హైడ్రోజన్ నింపిన హిండెన్‌బర్గ్ కాలిపోయి 36 మంది మరణించారు. ఎయిర్‌షిప్‌లు అంతరించింది ఆ మంటల వల్లనేనని, హీలియం వాడితే సమస్య తీరుతుందని చాలామంది అంటారు. చరిత్ర అలా చెప్పదు. అమెరికా నౌకాదళం వారి ఆక్రాన్‌లో ఉన్నది హీలియమే. 1933 ఏప్రిల్‌లో అది తుపానుగాలిలో సముద్రంలో కూలి 73 మంది చనిపోయారు. 1930 అక్టోబరులో ఇంగ్లండు నుండి ఇండియాకు బయలుదేరిన ఆర్-101 కూడా గాలివానలోనే ఫ్రాన్సులో నేలకు తాకింది. మంటలు ఆ తరువాత వచ్చాయి. దానికోసం కరాచీలో కట్టిన పెద్ద షెడ్డు ఆ ఓడను చూడనే లేదు.

గాలి ఎంత మార్పు తెస్తుందో చూడండి. 700 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 100 కిలోమీటర్ల వేగంతో 7 గంటలలో చేరవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే 14 గంటలు పడుతుంది. వేసవిలో బెంగాల్‌ను కుదిపే కాలబైశాఖి వస్తే ఎగరడం అటుంచి, అంత పెద్ద శరీరాన్ని నేలమీద కట్టి ఉంచడమే కష్టం. బ్రిటన్‌లో 92 మీటర్ల ఎయిర్‌లాండర్-10 2017 నవంబరులో కట్టుస్తంభం నుండి ఊడిపోయి దెబ్బతిన్నది.

సరుకు దించడం మరొక చిక్కు. 10 టన్నులు దించిన వెంటనే ఓడ 10 టన్నుల మేరకు పైకి లేవబోతుంది. అంత బరువు నీటినైనా ఎక్కించాలి. రోడ్డు లేని కొండమీద ఆ నీరెవరు సిద్ధం చేస్తారు?

ఇక హీలియం. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుండి జాన్సెన్, మచిలీపట్నం నుండి పోగ్సన్ పరిశీలించారు. ఆనాటి పరిశీలనలలో బయటపడిన పసుపు గీతే ఈ మూలకపు తొలి జాడ. తెలుగునేలకు ఇంత సంబంధమున్నా, మన దేశం హీలియం కోసం దిగుమతులపైనే ఆధారపడుతోంది. బెంగాల్‌లోని బక్రేశ్వర్ వేడినీటి ఊటల వాయువులో హీలియం ఉన్నా, అది ఓడలు నింపేటంత కాదు. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాలకూ హీలియమే కావాలి.

నిలబడడమే దాని బలం

అయితే గాలిలో తేలే వాహనాలు పనికిరానివా? కాదు. విమానం కదలకపోతే పడిపోతుంది. హెలికాప్టరు నిలబడగలదు కాని, నిలిచినంతసేపూ ఇంధనం తాగుతుంది. తేలే వాహనం మాత్రం ఊరికే నిలబడగలదు. హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా నిరూపిస్తున్నది ఇదే. అక్కడి నుండి 2005 ఏప్రిల్‌లో ఎగిరిన బెలూన్ 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి నమూనాలు సేకరించింది; వాటిలో కొత్త సూక్ష్మజీవులు దొరికాయని 2009లో ప్రకటించారు. 2025 మే 3న మధ్యప్రదేశ్‌లోని శ్యోపూర్ నుండి మన రక్షణ పరిశోధన సంస్థ ఎగురవేసిన ఎయిర్‌షిప్ సుమారు 17 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, 62 నిమిషాలు ఎగిరింది. దాని పని సరుకు మోయడం కాదు, పరికరాలను పైన ఉంచి నేలను గమనించడం.

కనుక “ఎయిర్‌షిప్ తిరిగి వస్తుందా?” అన్న ప్రశ్ననే సరిచేసుకోవాలి. రైలుతోనూ విమానంతోనూ పోటీపడే వాహనంగా అది రాదు, లెక్క ఒప్పుకోదు. ఆకాశంలో నిఘా స్తంభంగా, ప్రయోగశాలగా ఇప్పటికే వస్తోంది. ఇకమీదట అటువంటి వార్త చదివినప్పుడు మీరు రెండు అంకెలు వెతకండి: ఘనపరిమాణం ఎన్ని ఘనపు మీటర్లు? మోసే సరుకు ఎన్ని కిలోలు? ఆ రెండింటినీ ప్రక్కప్రక్కన వ్రాసి చూస్తే, ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.