కార్డు ఎప్పుడు మార్చల్ల?

ఈ వారం మా అక్క కొడుకు ప్రాణం తీశాడు. పొద్దస్తమానం ఫోనే. "మామా, గేమ్ ఆగాగి నడుస్తాంది. కార్డు మార్చల్ల" అంటాడు. వాడిది 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, ఆరు జీబీది. పనిచేసే వస్తువును మార్చొద్దనేది నా పాత పాట. ఈ కాలమ్ చదివేవాళ్లకు అది కంఠతా వచ్చుంటుంది.

అనంతపురంలో పుట్టినోడికి ఈ పాట బోరు దగ్గరే వంటబడుతుంది. వేరుశనక్కాయకు తడి అందకపోతే మొదట తిట్లు తినేది మోటారే. ఐదు హెచ్‌పీది తీసేసి ఏడున్నర దించేవాళ్లు. అడుగున నీళ్లుంటే కదా! కాసేపు ధార నిండుగా పోసి, ఆనక గ్యాప్ ఇవ్వడం మొదలు. పైపులు పైకి లాగిన కూలీ, కొత్త మోటారు అప్పు మాత్రం మిగిలేవి. బోరు ఎండిందని ఒప్పుకునే ధైర్యం లేక మోటారును తిడతాం.

అందుకే వాడితో అన్నా: ముందు నీళ్లు చూడప్పా. గేమ్ నడిచేటప్పుడు కార్డు వాడకం ఎంతుందో చూడు. అరవై శాతం దగ్గరే తిరుగుతాంటే ప్రాసెసరో ర్యామో వెనకబడినట్టు. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అదే వరస. పైగా మన ఎండలు, మన దుమ్ము. ఫ్యాన్లకు దుమ్ము అట్టకడితే కార్డు వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. బ్లోయర్ కొట్టి, పేస్టు మార్చి, ఆ తర్వాత మాట్లాడు.

అన్నీ చేశాడు. వేడి తగ్గింది, వాడకం మాత్రం 99 దగ్గరే. "సెట్టింగులు తగ్గించుకో, నీ మానిటరుకు అరవై ఫ్రేములు చాలు" అన్నా. అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి. 2025 మే నెలలో వచ్చిన 'డూమ్: ది డార్క్ ఏజెస్' వాడి కార్డు మీద నడవనే నడవదు. దానికి రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉండి తీరాలి, 1060లో అది లేదు. ఆ తరం కార్డులకు కొత్త గేముల డ్రైవర్లు ఇవ్వడం కూడా ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రమే.

నెమ్మదిగా నడిచే గేముతో సర్దుకుపోవచ్చు. తెరుచుకోని గేమును ఏ సెట్టింగూ తెరవలేదు. మార్చమన్నా. కొత్తది కరెంటు ఎక్కువ తాగుతుందేమో అనుకున్నా గానీ, 1060కి 120 వాట్లయితే ఆర్టీఎక్స్ 4060కి 115 వాట్లే! ఎస్ఎంపీఎస్ బాగుంటే దాని జోలికి పోనక్కర్లేదు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక మాట. అంగట్లోనే అరగంట గేమ్ నడిపించి, వేడి చూసి, అప్పుడు డబ్బివ్వండి.