మరగనివ్వకండి, పొంగనివ్వండి

కార్తీక అమావాస్య రాత్రి విశాఖ దగ్గరి పద్మనాభం కొండ మెట్లన్నీ దీపాలతో వెలుగుతాయి. 1,200 పైచిలుకు మెట్లెక్కి, అనంత పద్మనాభుడికి దండం పెట్టుకుని, మోకాళ్లు పట్టేసి దిగొచ్చిన పిల్లలందరికీ మా పెద్దమ్మ వేడన్నంలో మిరియాల చారు పోసేది. మొదటి ముద్దకే ఒళ్లు తేలికపడేది. ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో చారు రుచి చూశాను. దానికి సాటి వచ్చింది ఒక్కటీ లేదు.

ఆవిడ చారు సత్తు గిన్నెలో కాచేది. అచ్చమైన తగరం అది. తగరం 232 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. అందుకే ముందు చింతపండు రసం పోసి, ఆ తర్వాతే గిన్నెను పొయ్యెక్కించాలి. పోపు మాత్రం ఇనప గరిటెలోనే. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి కరిగించేసిన కొత్తకోడలి కథ మా వైపు చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. చారు కాచడానికి ఎంత ఒద్దిక కావాలో ఆ గిన్నే నేర్పేది.

ఇక పని. పెద్ద నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి, పల్చటి రసం తియ్యాలి. పచ్చివాసన పోయేదాకా అది బాగా కాగాలి. చారులో మరగాల్సింది ఇదొక్కటే. తర్వాత ఉడికిన కందిపప్పు మీద తేరిన కట్టు, చేత్తో చిదిమిన టమాటా, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. మిరియాలు, జీలకర్ర, పొట్టు తియ్యని వెల్లుల్లి అప్పటికప్పుడు రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తగా నూరితే చారు బురదవుతుంది. కొత్తిమీర కాడలతో సహా పడాలి.

అసలు విద్య ఇక్కడుంది. దంచింది వేశాక గిన్నె అంచు చుట్టూ సన్నటి నురుగు కడుతుంది. అది మెల్లగా మధ్యకు జరుగుతుంది. గిన్నె నిండా తెల్లటి దుప్పటి కప్పినట్టు లేచిన క్షణాన దించెయ్యాలి. ఇంకో నిమిషం ఆగితే మిరియాల ఘాటే మిగులుతుంది, పరిమళం గాలిలో కలుస్తుంది. "చారు మరగకూడదమ్మా, పొంగాల" అనేది పెద్దమ్మ. వెనక్కి తిరిగి కూర తరుగుతూనే, వాసన పట్టి "దించెయ్, దించెయ్" అని కేకేసేది. ఏనాడూ తప్పలేదు! దించాక నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయించి చారులో వేసి, చుయ్‌మనగానే మూత పెట్టాలి.

మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో రాకముందు మన కారం ఎక్కువగా మిరియాలదే. మద్రాసులో తెల్లదొరలు తమిళుల మిళగుతణ్ణి రుచి మరిగి ముల్లిగటానీ సూప్ చేసుకున్నారు. కృష్ణా తీరం వాళ్ల ఉలవచారు గొప్పదే, కాదనను. కానీ అది చిక్కదనం తెచ్చిన రుచి. పల్చటి నీళ్లలో ప్రాణం పొయ్యడం మా ఉత్తరాంధ్ర చేతుల సొత్తు.

సముద్రానికి అవతల థాయ్‌లాండ్ వాళ్ల రొయ్యల సూప్ తోమ్ యమ్ కుంగ్ కూడా ఈ విద్యే. ఇంట్లో చేసి చూశాను. భీమిలి రొయ్యల తలలు, పెంకులు పారెయ్యకుండా నూనెలో వేయించి నీళ్లు పోస్తే ఎర్రటి రసం దిగుతుంది. అందులో చితక్కొట్టిన నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం వెయ్యాలి. దుంపరాష్ట్రం దొరక్కపోతే అల్లం. వాళ్ల నిమ్మాకుకు బదులు మనం మజ్జిగలో వేసుకునే దబ్బాకు. కాగాక పచ్చిమిర్చి, ఫిష్ సాస్, రొయ్యలు వేసి, అవి ముడుచుకోగానే దించాలి. నిమ్మరసం దించాకే పిండాలి, మన నిమ్మకాయ చారులాగే. పెద్దమ్మ ఆ దేశం పేరు కూడా విని ఉండదు. అయినా ఆవిడ మాటే అక్కడా చెల్లింది.

వాళ్లు తమ సూప్‌ను నెత్తిన పెట్టుకున్నారు. 2024 డిసెంబరులో యునెస్కో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బ్యాంకాక్‌లో బొగ్గుల పొయ్యి ముందు కళ్లకు గాగుల్స్ పెట్టుకుని వండే జే ఫాయ్ అనే పెద్దావిడకు మిషెలిన్ నక్షత్రమే వచ్చింది. మరి మన పెద్దమ్మలకు ఏం దక్కింది?

పొడి ప్యాకెట్టు దక్కింది. ఈమధ్య విశాఖలో ఓ పెళ్లికి వెళ్తే, విస్తట్లో పోసిన చారు నిమ్మ ఉప్పు పులుపుతో పళ్లు జివ్వుమనిపించింది. నెలల కిందట మరలో ఆడించిన మిరియాల్లో వాసన ఎక్కడుంటుంది? దాన్ని గంటసేపు కుతకుతా ఉడికించి చారన్నారు. కడుపు మండిపోయింది. ఇంతకన్నా ఘోరం, తగరం పేరు చెప్పి సీసం కలిపిన గిన్నెలు అమ్మేవాళ్లున్నారు. పులుపు తగిలితే సీసం చారులోకి దిగుతుంది. అది విషం. నమ్మకమైన గిన్నె దొరక్కపోతే స్టీలు గిన్నెలో కాచుకోండి, తప్పు లేదు.

రోలు లేకపోతే చిన్న కల్వం చాలు. పిడికెడు మిరియాలు, చెంచాడు జీలకర్ర ఏ ఇంట్లో లేవు? ఇవాళ రాత్రికి పొడి డబ్బా పక్కన పెట్టండి. మీ పిల్లల్ని పొయ్యి దగ్గర నిలబెట్టి, అంచున కట్టే ఆ నురుగు చూపించండి. అది మధ్యకు చేరగానే "దించెయ్" అని వాళ్ల చేతే అనిపించండి.