చెప్పిన మాట, చేరవేసిన మాట

ఒకరన్న మాటను ఇంకొకరికి చేరవేయడం ఏ భాషకైనా తప్పని పని. ఆ పనికి ఇంగ్లీషు పెట్టుకున్న నియమాలు మన బడిపిల్లలకు కంఠతా వచ్చు. కొటేషన్ గుర్తులు తీసెయ్యాలి, 'యామ్'ను 'వజ్' చెయ్యాలి, 'టుడే'ను 'దట్ డే' చెయ్యాలి, 'హియర్'ను 'దేర్' చెయ్యాలి. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చదువుకున్న తరాలన్నీ ఈ పట్టిక మీదుగా నడిచి వచ్చినవే. తెలుగు పరీక్షలోనూ ప్రత్యక్ష కథనాన్ని పరోక్షంలోకి మార్చమనే ప్రశ్న ఉంటుంది. దానికి మాత్రం ఎవరూ పట్టికలు బట్టీపట్టరు. 'నేను' తీసి 'తాను' పెడితే చాలావరకు పనైపోతుంది. ఈ తేలిక చూసి తెలుగుకు అసలైన పరోక్ష కథనమే లేదనేవాళ్ళున్నారు, ఆ పట్టిక చూసి ఇంగ్లీషుది వృథా ప్రయాస అనేవాళ్ళూ ఉన్నారు. రెండూ తొందరపాటు తీర్పులే.

ఇంగ్లీషులో మాట చేరవేసేవాడు తన కాలంలోనే నిలబడి చెబుతాడు. నిన్న ఒకడు అలసిపోయానంటే ఇవాళ చెప్పేవాడికి ఆ అలసట గడిచిపోయిన సంగతి. అందుకే క్రియ ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. భాషావేత్త యెస్పర్సన్ 1924లో ఈ జరుగుబాటు గురించి రాస్తూ దాన్ని 'బ్యాక్-షిఫ్టింగ్' అన్నాడు. బడిలో దీన్ని యాంత్రికమైన మార్పుగా నేర్పడం వల్ల ఇందులోని సొగసు పిల్లలకు అందదు. వంతెన బలహీనంగా ఉందని ఇంజనీరు చెప్పాడనుకోండి. ఆ మాటను చేరవేస్తూ 'వజ్ వీక్' అంటే అది ఇంజనీరు మాట, అంతవరకే. 'ఈజ్ వీక్' అంటే ఇప్పటికీ అదే పరిస్థితి అని చెప్పేవాడు కూడా పూచీ పడుతున్నాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందనే వాక్యంలో కాలం మార్చనక్కర్లేదని పాఠ్యపుస్తకం చెప్పే మినహాయింపు వెనుక ఉన్నది కూడా ఈ పూచీయే.

తెలుగు అలా కాదు. అన్న మాటను అన్నవాడి కాలంలోనే ఉంచి, చివర 'అని' చేరుస్తుంది. 'అలసిపోయానన్నాడు' అన్నప్పుడు ఆ అలసట అతని నోట్లో ఎలా ఉందో అలాగే ఉంది. తమిళంలో 'ఎన్రు', కన్నడంలో 'ఎందు', సంస్కృతంలో 'ఇతి' చేసేదీ ఇదే పని. మరి చెప్పేవాడి పూచీ సంగతేమిటి? దాన్ని తెలుగు కాలంలో కాకుండా 'అట'లో చూపిస్తుంది. 'వంతెన బలహీనంగా ఉందట' అంటే చాలు, నేను చూడలేదు, విన్నాను అని చెప్పినట్టే. ఇంగ్లీషులో ఇంత చిన్న ప్రత్యయం లేదు. అక్కడ దీనికోసం 'అపారెంట్లీ' లాంటి మాటను బయటినుంచి తెచ్చుకోవాలి.

ఇక 'తాను' దగ్గర కాసేపు ఆగాలి. ఇంత విచిత్రమైన వాక్యాన్ని మనం రోజూ వాడుతూ గమనించం. 'తాను తప్పకుండా వస్తానని సీత చెప్పింది.' ఇందులో కర్త 'తాను', అంటే మాట సీత నుంచి చెప్పేవాడి చేతికి వచ్చేసింది. క్రియ మాత్రం 'వస్తాను', అంటే ఇంకా సీత నోట్లోనే ఉంది. వాక్యం సగం కదిలింది, సగం కదల్లేదు. ఇంగ్లీషులో ఇలాంటి వాక్యం నిలవదు, అక్కడ సర్వనామం మారితే క్రియ కూడా దాని వెంట నడవాల్సిందే.

ఈ రెండు పద్ధతులకూ చెల్లించాల్సిన మూల్యం ఉంది. 'నేను వస్తానని రాజు చెప్పాడు' అంటే వచ్చేది రాజా, నేనా? వాక్యం ఒక్కటే చూస్తే తేలదు. ఇంగ్లీషులో ఆ చిక్కు లేదు, 'హి' అంటే రాజు, 'ఐ' అంటే నేను. అయితే 'రాజు టోల్డ్ రవి దట్ హి హాడ్ పాస్డ్' అంటే పాసయింది ఎవరు? ఇక్కడ తడబడేది ఇంగ్లీషు. 'తాను పాసయ్యానని రాజు రవికి చెప్పాడు' అని తెలుగు ఒక్క మాటతో తేల్చేస్తుంది.

ఆజ్ఞల విషయంలో పాత్రలు తారుమారవుతాయి. అన్న మాటను అన్నట్టే దాచుకునే తెలుగు ఇక్కడ దాన్ని కరిగించేస్తుంది. రా, రండి, రావయ్యా, దయచేయండి, ఏది అన్నా చివరికి తేలేది 'రమ్మన్నాడు'. పిలుపులోని గౌరవం, చనువు, విసురు అన్నీ అందులో కలిసిపోయాయి. కావాలంటే రమ్మని బతిమాలాడనో, రమ్మని గద్దించాడనో విడిగా చెప్పుకోవాలి. అలాగే ఇంగ్లీషు కూడా అసలు పిలుపును చెరిపేసి 'టు కమ్' అనే ముద్ద చేస్తుంది. అయితే టోల్డ్, ఆస్క్డ్, బెగ్డ్, ఆర్డర్డ్ అని క్రియను ఎంచుకోమని ప్రతిసారీ అడుగుతుంది, తప్పించుకోనివ్వదు.

కొటేషన్ గుర్తులు ఇద్దరికీ పాత ఆస్తి కావు. మన తాళపత్రాల్లో అవి లేవు, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోనూ లేవు. తాళపత్రాల్లో మాట ముగిశాక 'అని' వచ్చి గీత గీస్తే, ఆ బైబిల్లో మాట మొదలయ్యేముందే 'సేయింగ్' వచ్చి తలుపు తెరుస్తుంది.

ఈ రెండు భాషల పద్ధతులూ దగ్గరపడే చోటు నవల. జేన్ ఆస్టిన్ 1815లో వచ్చిన 'ఎమ్మా'లో నాయిక ఆలోచనలను 'షి థాట్ దట్' లేకుండా నేరుగా కథనంలో కలిపేసింది. భాషావేత్త శార్ల్ బల్లీ ఫ్రెంచిలో ఈ రీతికి పేరు పెట్టింది 1912లో. ఈ రీతిలో క్రియ వెనక్కి జరుగుతుంది, 'ఐ' పోయి 'షి' వస్తుంది. కానీ 'నౌ' మాత్రం 'దెన్' కాదు, ప్రశ్న కూడా ప్రశ్నలాగే ఉంటుంది. అంటే ఇంగ్లీషు తన పట్టికలో సగాన్ని పక్కన పెట్టి, మాటను అన్నవాడి దగ్గరే ఉంచే మన పద్ధతికి ఒక అడుగు దగ్గరైంది. మన కథకులు 'అని' తీసేసి, 'తనెందుకు వెళ్ళాలి? ఎవరు పిలిచినా ఇక వెళ్ళడు' లాంటి వాక్యాలు రాసినప్పుడు ఇంకో సంగతి జరుగుతుంది. 'అని' ఉన్నంతసేపూ 'వెళ్ళను' అంటూ అన్నవాడి నోట్లోనే ఉన్న క్రియ, అది పోగానే 'వెళ్ళడు' అయి కథకుడి పక్షానికి వచ్చేస్తుంది. ఇక్కడ ఇంగ్లీషు వైపు అడుగు వేసింది తెలుగు.