నాలుగు జతల కళ్లు

మ్యూజియంలో ఒక బొమ్మ ముందు మనం ఎంతసేపు నిలబడతాం? పక్కనున్న చీటీ చదివి, ఫోనుతో ఒక ఫోటో తీసుకుని, తర్వాతి బొమ్మ దగ్గరికి వెళ్లిపోతాం. ఏప్రిల్ సెలవుల్లో నెదర్లాండ్స్‌లో కలుద్దామనుకున్నప్పుడు మేం స్నేహితురాళ్లం ఒక ఒప్పందం చేసుకున్నాం. పూటకి ఒక్క మ్యూజియం, అందులో రెండు మూడు బొమ్మలే. నలుగురిలో ప్రతి ఒక్కరూ తనకు కనిపించిన కొత్త సంగతి ఒకటి చెప్పేదాకా ఆ బొమ్మ ముందు నుంచి కదలకూడదు.

ఇంటర్ చదివేటప్పుడు ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్లం. ఇప్పుడు ఒకామె అక్కడే ఆమ్‌స్టెల్‌వేన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. మన దేశం వాళ్లు చాలామంది స్థిరపడిన ఊరది. ఇంకొకామె లండన్‌లో నర్సు. మూడో ఆమెది పెడన, ఇంటిపనే కలంకారీ అద్దకం. నాది రాతపని, వంటపని. బొమ్మ ముందు నిలబడినప్పుడు ఎవరి పని వాళ్ల కళ్లలోకి వచ్చి కూర్చుంటుందని నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది.

రైక్స్‌మ్యూజియంలో వెర్మీర్ ‘పాలమనిషి’తో మొదలుపెట్టాం. 1658–60 ప్రాంతంలో వేసింది. ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41. ఇంత పేరున్న బొమ్మ ఇంత చిన్నదని దగ్గరికి వెళ్లాకే నమ్మాం. కిటికీ పక్కన ఒక పనిమనిషి మట్టిపాత్రలోకి పాలు వంపుతోంది, అంతే. ముందుగా నర్సు మాట్లాడింది. “ఏమే, ఆ చేతులు చూడు. మణికట్టు దాకా ఎండకి కమిలాయి, పైన తెల్లగా ఉన్నాయి. బయట పనికి రవిక చేతులు దించుకునే ఉంటుంది, ఇప్పుడే పైకి మడిచింది.” చెప్పాక చూస్తే నిజమే. అప్పటిదాకా నాకు అక్కడ రెండు రంగులు ఉన్నాయని కూడా తట్టలేదు.

నా కళ్లు పాలధార మీదే ఉన్నాయి. తాగడానికి పోసుకునేవాళ్లు అంత సన్నగా, అంత ఒద్దికగా పోయరు. బల్ల మీద తుంచిన రొట్టె ముక్కలున్నాయి. మిగిలిపోయి గట్టిబడ్డ రొట్టెను పాలలో నానబెట్టి వంటకం చేస్తోందని కళా చరిత్రకారులు కొందరు అంటారు. ఏ ఇంట్లోనైనా నిన్నటి తిండిని పారేయకుండా ఇవాళ మళ్లీ తినేలా చేసే ఆడమనిషి ముఖంలో అదే శ్రద్ధ ఉంటుంది. ఆ ముఖం నేను ఎరుగుదును.

ఆమ్‌స్టెల్‌వేన్ ఆమె గోడ చూపించింది. తెల్లగోడకి ఒక మేకు, దాని చిన్న నీడ, ఊడిపోయిన మేకుల తాలూకు రంధ్రాలు. వెర్మీర్ మొదట ఆ గోడ మీద కూజాలు తగిలించే చెక్కను, కింద మూలన పసిపిల్లల బట్టలు ఆరబెట్టే నిప్పుల బుట్టను వేసి, తర్వాత రెండింటినీ కప్పేశాడని 2022లో పరిశోధకులు బయటపెట్టారు. వస్తువులను తీసేసినవాడు మేకును మాత్రం ఉంచాడు. ఏది తీసేయాలో చాలామందికి తెలుస్తుంది. ఏ మేకును మిగల్చాలో తెలియడం దగ్గరే వెర్మీర్ నాకు గొప్పగా కనిపిస్తాడు.

పెడన స్నేహితురాలు అందరికన్నా ఆఖర్న నోరు విప్పింది. “ఆ నీలం ఎక్కడిదే?” అది అఫ్ఘనిస్తాన్ కొండల్లో తవ్విన లాపిస్ లాజులీ రాయిని నూరి తీసిన రంగు. ఆనాటి ఐరోపా చిత్రకారులకు దొరికే రంగుల్లో బాగా ఖరీదైన వాటిలో ఒకటి. దాన్ని రాణి పట్టుబట్టల కోసం దాచుకోకుండా, వంటింటి మనిషి నడుముకి కట్టిన గుడ్డకి వాడాడు వెర్మీర్. ఆ సంగతి విన్నాక తను ఇంకాసేపు ఉంటానంది. ఉన్నాం.

రెంబ్రాంట్ ఒక కాపలా దండును గీసిన 1642 నాటి ‘నైట్ వాచ్’ దగ్గర మాత్రం మాకు వాదన వచ్చింది. 1715లో దాన్ని డామ్ కూడలిలోని టౌన్‌హాలుకి మార్చినప్పుడు గోడకి సరిపోలేదని నాలుగు వైపులా కత్తిరించారు. ఎడమవైపు ఇద్దరు మనుషులు పూర్తిగా పోయారు. 2021లో కంప్యూటర్ సాయంతో ఆ ముక్కలను తిరిగి సృష్టించి, కొన్నాళ్లు అసలు బొమ్మకి చుట్టూ అమర్చి చూపించారు. అప్పుడు కెప్టెన్ నడిమధ్య నుంచి కుడికి జరిగాడు, దండు మొత్తం నడవడం మొదలుపెట్టినట్టయింది. అలాగే ఉంచాల్సిందని సాఫ్ట్‌వేర్ ఆమె అంది. గాయం కూడా ఆ బొమ్మ చరిత్రేనని నర్సు అంది. నేను నర్సు పక్షం.

క్యూకెన్‌హాఫ్ తోటకీ వెళ్లాం. ఏటా సుమారు 70 లక్షల దుంపలు నాటుతారట. కళ్లు నిండిపోయాయి. కానీ అక్కడ మా ఒప్పందం సాగలేదు, ఏ పువ్వు ముందు నిలబడాలి? నాకు ఆ వసంతం అంతా వాన్ గో మ్యూజియంలోని ఒక్క బాదం కొమ్మలో ఉంది. 1890 జనవరి 31న తమ్ముడు తెయోకి కొడుకు పుడితే, సాన్-రెమీ మానసిక చికిత్సాలయంలో ఉన్న విన్సెంట్ ఆ పసివాడి కోసం నీలాకాశం మీద పూసిన బాదం కొమ్మలు గీశాడు. ఆ జులైలో విన్సెంట్ పోయాడు, మరో ఆరు నెలలకి తెయో పోయాడు. పసిబిడ్డతో మిగిలిన తెయో భార్య యో, ఇంటినిండా ఎవరూ కొనని ఆ బొమ్మలను భద్రం చేసింది. ప్రదర్శనలకి పంపింది, అన్నదమ్ముల ఉత్తరాలను 1914లో అచ్చువేయించింది. 1973లో మ్యూజియం తెరుచుకుంది ఆ పసివాడు పెద్దవాడై పూనుకున్నందువల్లే. యో గనక ఆ కాన్వాసులను పాతసామానుగా వదిలించుకుని ఉంటే అక్కడ మేం చూడటానికి ఏముండేది? ఆమె మీద నాకున్న గౌరవం విన్సెంట్ మీద ఉన్నదానికి రవ్వంత కూడా తక్కువ కాదు.

హేగ్‌లో మౌరిట్స్‌హౌస్. ‘ముత్యపు పోగు అమ్మాయి’ బొమ్మ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. మేం కారెల్ ఫాబ్రిషియస్ గీసిన చిన్న పిట్ట ముందు నిలబడ్డాం. గొలుసు కట్టిన గోల్డ్‌ఫించ్, 1654 నాటిది. అదే ఏడాది అక్టోబరులో డెల్ఫ్ట్‌లో తుపాకిమందు గోదాం పేలి ఫాబ్రిషియస్ చనిపోయాడు. మౌరిట్స్‌హౌస్ భవనం కట్టించిన యోహాన్ మౌరిట్స్ బ్రెజిల్‌లో డచ్ వలసకి గవర్నరు. చెరుకు తోటల్లో బానిసల చెమట మీద నడిచిన వలస అది. అంత అందమైన గదుల్లో ఈ మాట తలుచుకోవడం కష్టంగా ఉంటుంది. అయినా తలుచుకోవాలి. ఎందుకంటే ఇదే దేశపు ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దపు తొలి ఏళ్లలోనే మచిలీపట్నంలో దిగింది. గుడ్డలు కొంది. కరువులు వచ్చినప్పుడు కోరమాండల్ తీరం నుంచి మనుషులనూ కొని ఓడలెక్కించింది.

ఆ గుడ్డలను చూడటానికి ఉత్తరాన ఉన్న లేవార్డెన్‌కి రైల్లో వెళ్లాం. అక్కడి ఫ్రీస్ మ్యూజియంలో కోరమాండల్ అద్దకపు బట్టల పెద్ద సంగ్రహం ఉంది. వాటితో ఆ ప్రాంతపు ఆడవాళ్లు పొడుగు కోట్లు కుట్టించుకున్నారు. తీగలు, దానిమ్మ పూలు, కెంపు ఎరుపు. వెలుతురు తగ్గించిన ఆ గదిలో మా పెడన ఆమె గాజుకి ముఖం ఆనించినంత పని చేసి, మాకు పాఠం చెప్పింది. గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీత చెదరదు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. చిరివేరుతో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. నీలం పట్టకూడని చోట మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచుతారు. ఐరోపా అద్దకందార్లకు చాలాకాలం అంతుపట్టని విద్య ఇది. ఉతికినా పోని రంగు కోసమే ఓడలు మన రేవుకి వచ్చాయి.

“ఈ గీత చూడండే. ఇక్కడ కలం ఎత్తి మళ్లీ పెట్టాడు” అంది. ఆకు కొనలో వెంట్రుకంత ఎడం. నిన్నటిదాకా వెర్మీర్ మేకును వెతికిన మా నలుగురి కళ్లూ ఆ ఎడం దగ్గర ఆగాయి. వెర్మీర్ పేరు గోడ మీద ఉంది, రెంబ్రాంట్ పేరు వీధుల మీదా ఉంది. ఇలాంటి బట్టల పక్కన తీరం పేరు, శతాబ్దం మాత్రమే ఉంటాయి. గీసిన మనిషి పేరు అప్పట్లో ఎవరూ రాసుకోలేదు.

వచ్చే సెలవులు బందరులో, అంటే ఆ మచిలీపట్నంలోనే, అని అక్కడే అనుకున్నాం. డచ్చివాళ్ల సమాధులు చూసి, పెడన వెళ్లి, వాళ్లింట్లో కరక్కాయ నీళ్లు కలిపే దగ్గర నుంచి రంగు ఉడికేదాకా కూర్చోవాలి. ఒప్పందం అదే, నలుగురూ చెప్పేదాకా లేవకూడదు.