‘నేను పోను’ – ‘నేను లేను’

ఐబీరియాలో ఇద్దరు రచయితలు తాము పుట్టించిన మనుషులతోనే పేచీ పెట్టుకున్న ఏడాది 1914. స్పెయిన్‌లో మిగెల్ దె ఉనామునో నవల ‘నీబ్లా’ అచ్చయింది. పోర్చుగల్‌లో ఫెర్నాందో పెసోవా మార్చి 8న ఎత్తయిన సొరుగుల బీరువా ముందు నిలబడి ముప్పై పైచిలుకు కవితలు ఏకబిగిన రాశాననీ, రాసింది మాత్రం తాను కాదు, అల్బెర్తో కయేరో అనీ చెప్పుకున్నాడు. చెప్పింది 1935లో, ఒక ఉత్తరంలో. రాతప్రతులు చూసినవాళ్లు అవన్నీ ఒక్కరోజు కవితలు కావని తేల్చారు. ఆ కట్టుకథ కూడా ఆయన తత్వంలో భాగమే.

‘నీబ్లా’లో ప్రేమ బెడిసికొట్టిన ఔగుస్తో పేరెజ్ ఆత్మహత్య చేసుకోబోతూ, సలహా అడుగుదామని సలమాంకా వచ్చి ఉనామునో గది తలుపు తడతాడు. ‘నువ్వు చావలేవు, ఎందుకంటే నువ్వు లేవు, నా కల్పనవి’ అన్నట్టు చెబుతాడు రచయిత. పైగా తానే చంపేస్తానంటాడు. అంతదాకా చావాలనుకున్నవాడు బతకాలని కాళ్లావేళ్లా పడతాడు. రచయిత కరగడు. అప్పుడు ఔగుస్తో తిరగబడతాడు: నన్ను పుట్టించిన నువ్వూ పోతావు, నా కథ చదివేవాళ్లూ పోతారు అని. ఇరవయ్యో శతాబ్దపు తత్వశాస్త్రంలో ఇంత సూటి సన్నివేశాలు తక్కువ. ఈ నవలకు వెనుకమాట చెప్పేది ఓర్ఫెయో అనే కుక్క. మరుసటి ఏడాది పెసోవా మిత్రబృందం తెచ్చిన పత్రిక పేరు ‘ఓర్ఫెవు’. కాకతాళీయమే, కానీ ముచ్చటగా ఉంది.

ఔగుస్తో గోడే ఉనామునో గోడు. 1864లో బిల్బావోలో పుట్టిన ఈ బాస్కు, సలమాంకాలో గ్రీకు ఆచార్యుడు, 1913లో పుస్తకంగా వచ్చిన ‘జీవితపు విషాద భావన’లో అడిగింది ఒక్కటే: నేను, ఈ నేనే, పోకూడదు. దేవుడిలో కలిసిపోవడం ఆయనకు అక్కర్లేదు. అద్వైతం వింటూ పెరిగిన తెలుగు పాఠకుడికి ఇది వింతగా తోచవచ్చు. మనం మోక్షమనుకునేది ఆయన లెక్కలో మరో రకం చావు. బుద్ధి పరలోకం లేదంటుంది, ప్రాణం ఉండాలంటుంది. ఈ తగవు తీరకపోవడమే బతుకంటాడు.

పెసోవా సమస్య దీనికి తలకిందులు. 1888లో లిస్బన్‌లో పుట్టి, డర్బన్‌లో ఇంగ్లీషు చదువు చదివి, వ్యాపార సంస్థలకు విదేశీ ఉత్తరాలు రాసిపెట్టి పొట్టపోసుకున్న ఈయనకు కాపాడుకోవలసిన ‘నేను’ దొరకలేదు. వెతికినకొద్దీ వేరేవాళ్లు తగిలారు. కయేరో వస్తువుల వెనక అర్థం వెతకడు, చూడటమే చాలు. రికార్దో రేయిస్ వైద్యుడు, పాతకాలపు దేవతలను నమ్మే నిబ్బరస్తుడు. ఆల్వరో ద కాంపోస్ గ్లాస్గోలో చదివిన ఇంజనీరు, నరాల మనిషి. కలంపేర్లు కావివి. వీళ్లకు జాతకచక్రాలు వేశాడు, ఒకరి మీద ఒకరితో విమర్శలు రాయించాడు. చివరికి భాష కూడా పంచిపెట్టాడు: కయేరో పోర్చుగీసు సరిగా రాయడట, కాంపోస్ ఫర్వాలేదుగానీ తప్పులు దొర్లుతాయట, రేయిస్ తనకంటే బాగా రాస్తాడుగానీ చాదస్తమట.

నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. ఉనామునో పాత్రలన్నీ ఉనామునో గొంతుతోనే మాట్లాడతాయి. రచయిత మీద తిరగబడిన ఔగుస్తో వాదనలో కూడా ఆచార్యుడి పలుకుబడే. ఒకే ‘నేను’ను పట్టుకుని వేలాడే మనిషి మరొకరికి చోటివ్వలేడు. పెసోవా చోటివ్వడం కోసం తానే ఇల్లు ఖాళీ చేశాడు. ఆ కాలపు స్పానిష్ తత్వవేత్త ఒర్తెగా ఇ గసెత్ మార్‌బుర్గ్ వెళ్లి జర్మన్ తత్వశాస్త్ర పద్ధతి నేర్చుకుని వచ్చాడు. వీళ్లిద్దరికీ ఆ అవసరం కలగలేదు. నవల, కవిత, ఉత్తరం, ఇవే వాళ్ల ప్రయోగశాలలు.

రాజకీయంలో ఇద్దరూ తడబడ్డారు. 1928లో సైనిక నియంతృత్వాన్ని సమర్థించిన పెసోవా, 1935 నాటికి పోర్చుగల్ నియంత సలాజార్ మీద వ్యంగ్య కవితలు రాశాడు, బతికుండగా అచ్చు వేయలేదు. స్పెయిన్‌లో సైన్యాధికారి ఫ్రాంకో తిరుగుబాటును మొదట బలపరిచిన ఉనామునో, 1936 అక్టోబర్ 12న సలమాంకా సభలో సైనికాధికారుల ముందే ఎదురు మాట్లాడాడు. జైల్లో పడ్డ ఒక ప్రొటెస్టంట్ పాస్టరు భార్య సాయం కోరుతూ రాసిన ఉత్తరం మీదే ఆ ప్రసంగానికి ముక్కలు రాసుకున్నాడు. ఆ ప్రసంగంలోవిగా అందరూ చెప్పుకునే గంభీర వాక్యాలు 1941లో మరొకరు కూర్చినవి. ఆ కాగితం మాత్రం నిజం. విశ్వవిద్యాలయ రెక్టరు పదవి పోయింది, డిసెంబర్ 31న ఇంట్లో నిర్బంధంలోనే కన్నుమూశాడు. ‘నేను’ను వదలని పంతం విలువ ఆ సభ రోజున తెలిసింది. ఖాళీ ఇల్లు ఎదురు నిలబడలేదు.

ఆలోచనలో పెసోవా ముందున్నాడు, నడతలో ఉనామునో. చదవాలనుకునేవాళ్లు ‘నీబ్లా’తో మొదలుపెట్టండి. ఆ తర్వాత పెసోవా పోయిన 47 ఏళ్లకు, 1982లో గానీ పుస్తకంగా వెలుగు చూడని ‘అశాంతి గ్రంథం’ పట్టుకోండి. సంపాదకుడిని బట్టి దాని వరస మారిపోతుంది కాబట్టి ఏ పేజీ తెరిచినా తప్పులేదు.