ఒక్క రాత్రిలో విడవని పాపం

భస్మ బుధవారం మొదలు ఈస్టర్ దాకా, ఆదివారాలు పోను, 40 రోజులు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లోని చాలా క్రైస్తవ కుటుంబాలకు ఇవి శ్రమ దినాలు. పొలం నుంచి, కొట్టు నుంచి, ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని గృహ కూడికలకు వెళతారు. ఒక పూట పస్తుంటారు, మాంసం మానేస్తారు. తాగుడు వదిలేస్తామనీ, ఇంట్లో కేకలు వేయమనీ తీర్మానాలు చేసుకుంటారు. పండుగ వెళ్లాక కొందరి తీర్మానం సడలిపోతుంది. అప్పుడు చుట్టుపక్కల వాళ్లు “వాడింతే, వాడిక మారడు” అనేస్తారు. క్రైస్తవ విశ్వాసం ఎన్నటికీ ఒప్పుకోని తీర్పు అది. మళ్లీ మళ్లీ పడేసే పాపాన్ని ఎదుర్కోవడానికి సంఘం తరతరాలుగా కూడబెట్టిన సాధన ఒకటుంది. ఆవేశం చల్లారిన తర్వాతే దాని అవసరం మొదలవుతుంది.

ఈ ప్రాంతానికి ఆ సాధన పలు దారుల్లో వచ్చింది. అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. ఆయన మొదలుపెట్టిన పని తెనాలి, రేపల్లె వైపు పాకింది. ఆ సంఘాలే 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడ్డాయి. బాపట్ల వైపు బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీ పనిచేశారు. గుంటూరు మేత్రాసనం కింద కతోలిక విచారణలున్నాయి. ముంగమూరి దేవదాసు 1938లో ఆరంభించిన బైబిల్ మిషన్ సన్నిధి కూటాలు పల్లెపల్లెకూ తెలుసు. బాప్తిస్మం గురించి, ప్రభు బల్ల గురించి వీళ్ల మధ్య తేడాలున్నాయి. మొండి పాపం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ చేయమనేది దాదాపు ఒక్కటే.

మొదటిది, రోజూ దేవుడి వైపు తిరగడం. 1517లో మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 వాదాల్లో మొట్టమొదటిదే విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపంగా సాగాలని చెబుతుంది. 1529లో పిల్లల కోసం, ఇంటిపెద్దల కోసం రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, మనలోని పాత మనిషిని ప్రతిదినం పశ్చాత్తాపంతో ముంచివేయాలని ఆయన బోధించాడు. లూథరన్ ఆరాధన పాప ఒప్పుకోలుతో మొదలవడం వెనుక ఉన్నది ఈ ఆలోచనే. అపొస్తలుడైన పౌలు రోమా పత్రిక 7వ అధ్యాయంలో, తాను కోరే మేలు చేయలేక కోరని కీడే చేస్తున్నానని వాపోయాడు. కాబట్టి పోరాటం ఇంకా సాగుతున్నంత మాత్రాన విశ్వాసం లేదనుకోనక్కర్లేదు.

రెండోది, పాపాన్ని పేరుపెట్టి ఒప్పుకోవడం. “ప్రభువా, నేను పాపిని” అనడం తేలిక. “నిన్న కూలి డబ్బు తాగేసి, జేబు కొట్టేశారని ఇంట్లో అబద్ధం చెప్పాను” అనడం కష్టం. కతోలికుల పాపసంకీర్తనంలో దీనికి చక్కటి వరుస ఉంది. ముందు ఆత్మ పరిశోధన, తర్వాత మనస్తాపం, ఇక చేయనన్న నిశ్చయం, గురువు ముందు ఒప్పుకోలు, చివరికి ప్రాయశ్చిత్తం. ప్రార్థనకు ముందు మనసును నిదానపరచుకోవాలని బైబిల్ మిషన్‌లో నేర్పుతారు. హడావిడిగా కూర్చుంటే మన పాపం మనకే కనబడదు. చేలో తుంగను పైపైన కోస్తే వారంలో మళ్లీ మొలుస్తుంది, గడ్డ దాకా తవ్వాల్సిందే. తాగుడు వెనుక అప్పు ఉండొచ్చు, కోపం వెనుక అవమానం ఉండొచ్చు. నిదానించి చూసినవాడికే ఆ గడ్డ దొరుకుతుంది.

మూడోది, ఒక్క మనిషికైనా చెప్పుకోవడం. ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకుని ఒకరికోసం ఒకరు ప్రార్థించాలని యాకోబు పత్రిక చెబుతుంది. ఇంగ్లండులో జాన్ వెస్లీ 1738లో చిన్న బృందాలకు నియమాలు రాసి, గత కూడిక తర్వాత ఏ పాపం చేశారని ప్రతివారం అడగమన్నాడు. 1935లో అమెరికాలో పుట్టిన, తాగుడు మానాలనుకునేవారి సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచే తప్పుల లెక్క రాసుకోవడం, మరొకరి ముందు ఒప్పుకోవడం, నష్టపరిహారం ఇవ్వడం నేర్చుకుంది. దాచిన పాపం బలుస్తుంది, వెలుగులోకి తెచ్చినది బలహీనపడుతుంది. అయితే అది ఎవరితో చెప్పాలన్నది ముఖ్యం. నోరు కట్టుకోగలిగిన పెద్దనో, అక్కనో, పాస్టరుగారినో ఎంచుకోవాలి. గాయం పచ్చిగా ఉన్నప్పుడే సాక్ష్యం పేరుతో మైకు ముందు నిలబెట్టడం ఆ మనిషికి మేలు చేయదు. విన్న రహస్యాన్ని కాపాడలేని సంఘంలో ఒప్పుకోలు నిలవదు.

నాలుగోది, ఖాళీ అయిన చోటును నింపడం. అపవిత్రాత్మ వదిలిన ఇల్లు ఊడ్చి ఖాళీగా ఉంటే అది మరో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగి వస్తుందని మత్తయి 12లో యేసు హెచ్చరించాడు. దొంగిలించేవాడు దొంగతనం మాని, తన చేతులతో కష్టపడి, అక్కరలో ఉన్నవారికి పెట్టాలని ఎఫెసీ పత్రిక చెబుతుంది. మానడంతో ఆగక పని, దానం రెండూ చెప్పింది చూడండి. సాయంత్రం మందు కొట్టు వీధి తప్పించి ఇంకో దారిన ఇంటికి రావాలి. కూలి డబ్బు నేరుగా ఇల్లాలి చేతికివ్వాలి. రాత్రివేళ ఫోను పడకగదిలోకి రానివ్వకూడదు. ఆ గంటలో పిల్లలను కూర్చోబెట్టుకుని కుటుంబ ప్రార్థన చేయాలి. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్న జక్కయ్యలా, చెడగొట్టినదాన్ని బాగుచేయాలి. బాకీ తీర్చని పశ్చాత్తాపం సగమే.

ఉపవాసానికి, వాక్యం కంఠస్థం చేయడానికి ఇక్కడే పని పడుతుంది. ఆకలి అడిగిన వెంటనే పెట్టకుండా ఆగడం నేర్చుకున్న మనిషి, కోరిక పిలిచినప్పుడు ఆగడం కూడా నేర్చుకుంటాడు. అరణ్యంలో శోధన ఎదురైన మూడుసార్లూ యేసు ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే జవాబిచ్చాడు. శోధన వచ్చాక బైబిలు వెతుక్కునే తీరిక ఉండదు.

ఇంత చేసినా పడవచ్చు. నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడని సామెతల గ్రంథం 24వ అధ్యాయం అంటుంది. మూడుసార్లు బొంకిన పేతురును యేసు మూడుసార్లు ప్రేమ గురించి అడిగి మళ్లీ గొర్రెలను అప్పగించాడు. పవిత్రత ఇమ్మని, కానీ ఇప్పుడే వద్దని యౌవనంలో ప్రార్థించిన అగస్టీను, ఏళ్ల తరబడి పెనుగులాడి, 386లో మిలాను నగరంలోని ఒక తోటలో కృపకు లొంగాడు. పట్టుదల విశ్వాసి చూపాలి, శక్తి దేవుడిదని సంఘం నమ్ముతుంది. కృప ఉంది కదా అని పాపంతో రాజీపడటం, పడిపోయాను కదా అని ప్రార్థన మానేయడం, రెండూ ఓటమిని ఖాయం చేస్తాయి.

అయితే పాపాన్ని మనిషి పుట్టుకతో ముడిపెట్టకూడదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఈ సందర్భంలో ఒక గట్టి హెచ్చరిక. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను అక్కడ చేర్చి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరిపేరైంది. బడి, పొలం, ప్రార్థన అందాయి. కానీ పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన చట్టమే ఘోరమైన అన్యాయం. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయినా ఊరిపేరు వినగానే అనుమానించే అలవాటు చాలాకాలం పోలేదు. మనిషి చేసిన పాపానికి పశ్చాత్తాపం ఉంది, కులానికి వేసిన ముద్ర మాత్రం వేసినవాళ్ల పాపం. దానికి పశ్చాత్తాపపడాల్సింది సమాజమే.

ఇంకొక్క మాట. తాగుడు వ్యసనం వ్యాధి కూడా. ముదిరినవాడు ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు రావచ్చు, డాక్టరు పర్యవేక్షణ కావాలి. వైద్యుడి దగ్గరికి వెళ్లడం అవిశ్వాసమని ఎవరూ చెప్పకూడదు. ఎన్నిసార్లైనా క్షమించమన్న బోధను చూపి, దెబ్బలు తింటున్న ఇల్లాలిని ఆ ఇంట్లోనే భరించమనడం కూడా తప్పే. ఆమెకు ముందు కావలసింది రక్షణ.

ఈ సాధన విలువ నా దృష్టిలో ఇది: మనిషిని అతని ఓటమితో లెక్కకట్టదు, అలాగని ఆ ఓటమిని తేలిగ్గానూ తీసుకోదు. మీ కూడికకు నెల రోజులుగా రాని తమ్ముడో, చెల్లెమ్మో ఉంటే ఈ వారమే వాళ్ల గడప తొక్కండి. ఎందుకు రాలేదని నిలదీయకండి, పక్కన కూర్చుని ప్రార్థన చేయండి. పడిపోయింది మీరే అయితే వచ్చే శ్రమ దినాల దాకా ఆగవద్దు, ఈ రాత్రే నమ్మదగిన ఒక్కరితో చెప్పుకోండి.