ఓటమి లేని ఆటగాడు చినూక్

చెకర్స్ చూడ్డానికి పిల్లల ఆటే. 64 గళ్ల బల్ల, అందులో నల్లగళ్లు 32 మాత్రమే వాడుకలో ఉంటాయి. ఒక్కొక్కరికి 12 కాయలు. ఐమూలగా ముందుకు జరపాలి. ఎదుటివాడి కాయ వెనక గడి ఖాళీగా ఉంటే, మన పులిజూదంలో పులి మేక మీంచి దూకినట్టు దూకి చంపాలి. చంపే వీలుందంటే చంపి తీరాలి, వద్దనుకునే హక్కు లేదు. అవతలి అంచు చేరిన కాయ రాజవుతుంది, ఇక వెనక్కి కూడా నడవగలదు. నియమాలు ఇంతే. కానీ ఈ కాయలు బల్ల మీద కుదరగల తీరులు లెక్కేస్తే 5 పక్కన 20 సున్నాలు పెట్టాల్సి వస్తుంది.

ఆ సముద్రాన్ని ఈదిన ప్రోగ్రామ్ చినూక్. కెనడాలోని ఆల్బెర్టా యూనివర్సిటీలో జొనాథన్ షేఫర్, ఆయన బృందం 1989లో మొదలుపెట్టారు. కంప్యూటర్ ఆటలంటే చాలామందికి చదరంగం, గో గుర్తొస్తాయి. పనితనం మాట వస్తే నేను ముందు చెప్పే పేరు మాత్రం చినూక్.

అప్పట్లో చెకర్స్‌కి మహారాజు మేరియన్ టిన్స్‌లీ. ఫ్లోరిడాలో గణితం ప్రొఫెసర్. నలభై ఏళ్ల పోటీల్లో ఆయన ఓడిన ఆటలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1990లో చినూక్‌తో ఆడిన ఒక ఆటలో యంత్రం తరఫున పదో ఎత్తును షేఫరే బల్ల మీద వేశారు. దీనికి బాధపడతారు అని టిన్స్‌లీ వెంటనే అన్నారు. యంత్రం లెక్కలో అప్పటికి దానిదే పైచేయి. ఎత్తులు గడిచేకొద్దీ ఆ ఆధిక్యం కరిగిపోయింది, 36వ ఎత్తు దగ్గర చినూక్ ఓటమి ఒప్పుకుంది. ఆ మనిషి అంత దూరం ఎలా చూశాడు?

చినూక్ కట్టడంలో గొప్పతనం ఆ ప్రశ్నకు వెతికిన జవాబులోనే ఉంది. ఆట మధ్యలో ఏ స్థితి మంచిదో చెప్పే సూత్రాలను బృందం చేత్తో రాసింది, ఆటలోని నాలుగు దశలకు వేరువేరుగా సరిదిద్దింది. యంత్రం తనంతట తాను నేర్చుకున్నది ఏమీ లేదు. అయితే సూత్రం ఎంత బాగున్నా అంచనాయే. అందుకని వాళ్లు ఆటను చివరి నుంచి మొదలుపెట్టారు. బల్ల మీద ఒకటి, రెండు కాయలే మిగిలిన స్థితులన్నీ తీసుకుని ఏది గెలుపో, ఏది ఓటమో, ఏది డ్రానో తేల్చి చిట్టా రాశారు. మూడు కాయల స్థితిలో ఒక కాయ చచ్చిందంటే ఆట రెండు కాయల చిట్టాలోకి దిగుతుంది, అక్కడ జవాబు సిద్ధంగా ఉంటుంది. అలా నాలుగు, అయిదు, ఆరు అంటూ మెట్టు మెట్టుగా పైకొచ్చారు. పది కాయల దాకా వచ్చేసరికి చిట్టాలోని స్థితులు 39 లక్షల కోట్లు. ప్రతిదానికీ ఉన్నది అంచనా కాదు, తీర్పు.

దాన్ని దాచిన తీరు చూడండి. మొత్తం చిట్టాను 237 గిగాబైట్లలోకి కుదించారు. అంటే సగటున ఒక్కో బైటుకు 154 స్థితులు. కంప్యూటర్లో ‘క’ అనే ఒక్క తెలుగక్షరం దాచడానికి సాధారణంగా మూడు బైట్లు పడుతుంది; అంత చోటులో 460కి పైగా తీర్పులు ఇమిడాయి. కిటుకుల్లో ఒకటి ఆట నియమం నుంచే పుట్టింది. చంపి తీరాల్సిన స్థితికి జవాబు విడిగా దాచనక్కర్లేదు, దూకడాలన్నీ అయ్యాక మిగిలిన స్థితి చూస్తే తెలిసిపోతుంది. ఆటను ఇంత దగ్గరగా ఎరిగినవాళ్లకే ఇలాంటి పొదుపు తడుతుంది.

ఇక పోటీల సంగతి. 1992లో లండన్‌లో టైటిల్ కోసం జరిగిన పోటీలో టిన్స్‌లీ చినూక్‌పై 4–2 తేడాతో గెలిచారు, 33 ఆటలు డ్రా. ఈ పోటీకి చెకర్స్ సంఘాలు ఒప్పుకోకపోతే ఆయన తన టైటిల్‌నే వదులుకున్నారు. తోటి ఆటగాళ్లు తనతో డ్రా దొరికితే చాలనుకుని భయంభయంగా ఆడుతుంటే, భయమెరుగని ఈ ప్రత్యర్థి ఆయనకు ఎంతో నచ్చింది. యంత్రం పనితనానికి ఇంతకన్నా పెద్ద మెప్పు ఏముంటుంది? 1994లో బోస్టన్‌లో ఆరు ఆటలు డ్రా అయ్యాక అనారోగ్యంతో ఆయన తప్పుకున్నారు, కిరీటం చినూక్‌కు దక్కింది. మరుసటి ఏడాది టిన్స్‌లీ కన్నుమూశారు.

షేఫర్ అక్కడితో ఆగిపోలేదు. కిరీటం ఉంది గానీ, టిన్స్‌లీని నిజంగా ఓడించానని చెప్పుకునే వీలు లేదు. మనుషుల్ని గెలవడం పక్కనబెట్టి ఆటనే తేల్చే పనిలో పడ్డారు. 1997లో ఆపిన లెక్కలను, యంత్రాల శక్తి పెరిగాక 2001లో మళ్లీ అందుకున్నారు. మొదటి ఎత్తు నుంచి ముందుకు వెతుకుతూ, చివరి నుంచి పైకి కట్టుకొచ్చిన చిట్టాను మధ్యలో అందుకోవడమే పద్ధతి. 2007లో రెండు కొసలూ కలిశాయి. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే చెకర్స్ డ్రాయే అని రుజువైంది.

ఈనాటి ప్రోగ్రాములు చాలావాటికి తమ ఎత్తు ఎందుకు మంచిదో చెప్పే రుజువు లేదు. చినూక్‌కు ఉంది. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మన పిల్లలు షేఫర్ రాసిన ‘వన్ జంప్ అహెడ్’ తప్పక చదవాలి. ఒక పనిని తుదకంటా చేయడం ఎలా ఉంటుందో అందులో కనిపిస్తుంది.